రెండో క్లారినెట్

"ఆపండి! మళ్లీ అదే!"

డారిల్ క్వెర్క్ మైకు స్టాండును ఒక్క తోపు తోశాడు. అతని వెనక అరవై మంది వాద్యగాళ్లు ఒకరి తర్వాత ఒకరుగా ఆగిపోయారు.

"ఇప్పుడేమైంది, డాజా?" అంది ఐరీన్, చేతిలో కర్ర దించి. ఆర్కెస్ట్రాను నడిపించేది ఆమే. డారిల్‌ని అందరూ డాజా అనే పిలుస్తారు.

"నేను నోరు తెరవబోయేసరికి ఎవరో నా పాట ముందే వాయించేస్తున్నారు. బెండిగోలో పోనీలే అనుకున్నా. బల్లారట్‌లో పళ్లు కొరుక్కున్నా. జీలాంగ్‌లో అయితే లైను లైనంతా లాగించేశారు! ఎవరండీ ఆ మహానుభావులు?"

అతనికి సరిగ్గా వెనక, డ్రమ్ముల మోత అడ్డుకునే ప్లాస్టిక్ తెర చాటునుంచి ఒక ముసలావిడ చెయ్యెత్తింది.

"నేనే. గ్లెనిస్. రెండో క్లారినెట్."

మూడు ఊళ్లు ఒకే బస్సులో తిరిగారు. అయినా డారిల్ ఆ పేరు వినడం అదే మొదటిసారి.

"చూడు గ్లెనిసమ్మా. ఆ పాట నాది. నలభై ఆరేళ్లుగా నాదే. జనం వచ్చేది నా గొంతు వినడానికి, నీ పీపీ బూర వినడానికి కాదు."

"బూర కాదు, క్లారినెట్," అంది ఆమె. "ఇంకాస్త మెల్లిగా వాయిస్తాలే."

"మెల్లిగా కాదు. అసలే వద్దు."

"అసలే వద్దంటే కుదరదేమో, డారిల్."

అంతే. అతని మెడ మీద నరాలు లేచాయి.

"విన్నావా ఐరీన్? నా పాటకి నాకే కుదరదట! రేపు ఈవిడ స్టేజి మీద ఉంటే నేనుండను."

రేపు మెల్‌బోర్న్‌లో ఆఖరి కచేరీ. రికార్డు చేస్తున్నారు. కిందటేడు ఒక పబ్బులో పాట మధ్యలో మర్చిపోయి నిలబడితే, తాగి స్టేజెక్కాడని పేపర్లు రాశాయి. తాగలేదన్న సంగతి డారిల్ ఒక్కడికే తెలుసు. తాగాడనుకోవడమే నయమని ఊరుకున్నాడు. రేపు గట్టిగా పాడితే ఆ మచ్చ పోతుంది. తడబడితే ఇంక పిలిచేవాడుండడు.

"డాజా, గ్లెనిస్ ముప్పై ఎనిమిదేళ్లుగా మాతో ఉంది. రేపటితో రిటైరవుతోంది. అయినా ఆవిడ అలా ఎందుకు..."

గ్లెనిస్ తల అడ్డంగా ఊపింది. ఐరీన్ మాట మింగేసింది.

ఆమె క్లారినెట్‌ను ముక్కలుగా విప్పింది. ఒక్కో ముక్కలో గుడ్డ దూర్చి తుడిచి, పెట్టెలో సర్దింది. ఏమాత్రం తొందరపడలేదు. ఆమె తలుపు దాకా నడుస్తుంటే మిగతా అందరి బూట్లూ నేలమీద మెత్తగా రాపాడాయి.

"చూశావా," నవ్వాడు డారిల్, "పీడా పోయిందని వీళ్లకీ సంబరమే."

"అవి చప్పట్లు, డాజా," అంది ఐరీన్. "చేతుల్లో వాద్యాలున్నాయిగా, కాళ్లతో కొడతాం."

డారిల్ మైకు సరిచేసుకున్నాడు.

"మీ కాళ్ల దగ్గర చిన్న టీవీ తెర పెట్టనా?" అడిగింది ఐరీన్. "ఎక్కడ అందుకోవాలో చూపిస్తుంది. నేను మీ వెనక ఉంటాను, నా చెయ్యి మీకు కనపడదు."

"తెర చూసి పాడటానికి నేనేమన్నా వార్తలు చదివేవాణ్ణా?"

"పోనీ ఇందాకటి పాట, 'ఎర్ర దుమ్ము', ఇంకొక్కసారి?"

"అక్కర్లేదు. ఆ పాట నిద్రలో లేపి అడిగినా పాడతా."

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. మొదటి రెండు పాటలూ డ్రమ్ము దెబ్బతో మొదలయ్యేవే కాబట్టి దొర్లిపోయాయి.

మూడోది 'ఎర్ర దుమ్ము'.

డారిల్‌ది నలుగురు కుర్రాళ్ల బ్యాండుగా ఉన్న రోజుల్లో దానికి నాలుగు డ్రమ్ము దెబ్బలు చాలేవి. ఇప్పుడు వయొలిన్లు రెండు నిమిషాలపాటు సముద్రంలా లేచి పడాలి. లేచాయి. పడ్డాయి.

డారిల్ ఎదురుచూశాడు.

ఏదో వినపడాలి. ఏమిటో గుర్తు రావడం లేదు.

ఐరీన్ ఆ ముక్కనే మళ్లీ వాయింపజేసింది. మళ్లీ. మూడోసారికి జనమే పాట అందుకున్నారు, నవ్వుతూ, సాయంగా. ఎవరిదో పాట వింటున్నట్టు డారిల్ వాళ్లను చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నవ్వులు ఆగాయి. పాటా ఆగింది. ఫోన్లు లేచాయి.

"ఇంటికెళ్లు, డాజా," అన్నారెవరో.

తిట్టలేదు. జాలిగా అన్నారు.

తన గదిలో డారిల్ టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. తాగలేదు. ఐరీన్ చేతిలో ఒక పాత అట్ట ఫైలుతో వచ్చింది.

"ఆవిడ చోట కూర్చున్న కొత్తవాడు ఆ ముక్క ఎందుకు వాయించలేదు?" అడిగాడు.

"ఏ ముక్క?"

"ఆవిడ వాయించేది. నేను అందుకునే ముందు."

ఐరీన్ అట్ట తెరిచి ఒక పేజీ అతని ముందు పెట్టింది.

"ఇది ఆవిడ స్వరాల కాగితం. అక్కడ క్లారినెట్‌కి ఏమీ రాసిలేదు, డాజా. ముప్పై రెండు గళ్లూ ఖాళీ."

"మరి?"

"మీకు గుర్తు రావడానికి ఆవిడే సొంతంగా అందించేది. మీకు చెప్పొద్దంది. తెలిస్తే భయపడతారు, భయపడితే అసలే పాడలేరంది."

"ఎక్కడుందిప్పుడు?"

"పొద్దున్నే ఓడెక్కింది. టాస్మానియాలో చెల్లెలి దగ్గర ఉంటుందట, ఇంక."

డారిల్‌కి స్వరాలు చదవడం రాదు. కానీ ఆ ఖాళీ గళ్ల మీద ఉన్నవి పెన్సిల్‌తో రాసిన మామూలు మాటలు.

'బెండిగో: ఒక్క స్వరం అందిస్తే చాలింది.'

'బల్లారట్: మూడు.'

'జీలాంగ్: మొదటి లైనంతా. వెనకనుంచే తెలిసింది, భయపడ్డాడని.'

'మెల్‌బోర్న్: అతను ఊపిరి తీసుకునేదాకా, ఏమన్నా సరే, ఆపకూడదు.'