శోకానికి పేరు కావాలె

దసర పోయినంక మా కోడలు శ్రీలత నడిపే కళాసమితి ఆటలు నల్లగొండల మొదలైతయి. మొదటి ఆటల పీనుగు మీద పడి రాగంతోని శోకం తీసే ముసలమ్మ వేషం తెచ్చి నాకు అంటగట్టింది.

పేరు పెట్టి పిలువకుంటె శోకం రాదు. బతికున్నోళ్ళ పేరు పెడితే అరిష్టం. పోయినోళ్ళను మళ్ళ పిలువొద్దు. గీ ఫికర్‌తోని నాకు ముద్ద దిగుతలేదు.

"ఉత్త ఆటనే గద అత్తమ్మా! ఏదో ఒక పేరు పెట్టి పాడు, ఫోన్ల రికార్డు చేసుకుంట," అన్నది కోడలు.

"నీ పేరు పెట్టనా మరి?"

మూతి ముడిచింది. "చాతగాకపోతే చెప్పు, వేరేటోళ్ళను చూసుకుంట."

రోషానికి కొంగు నడుముకు చెక్కిన. "ఓ వెంకటనర్సమ్మా, ఎట్ల పోయినవే తల్లీ" అని నా పేరు మీదనే ఎత్తుకున్న.

నడుమల చూస్తే కోడలు ఫోను కింద పెట్టి ఎక్కెక్కి ఏడుస్తాంది.

"నువ్వు పోయిననాడు నాకు గిట్ల శోకం తీసుడు రాదు అత్తమ్మా."

"అందుకేనే, ఆ ఏడుపు ఆపి రాగం పట్టుకో," అన్న. "ఆనాడు నువ్వు తప్పు పాడితే జనంల నా ఇజ్జత్ పోతది."