పదిహేడు వందల గడి

బొగ్గు గని మూడు గంటల సైరన్‌కు ఇంకా నలభై నిమిషాలుంది.

జైపాల్ జీపు సీట్లో కూచుని, ఒళ్ళోని లాప్‌టాప్ వంక రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

భార్య యమున ఇంట్లోంచి వచ్చింది. చేతిలో మూత తీయని గిన్నె.

"అత్త ఇయ్యాల గూడ ముట్టలే. జావ పట్టుకపోతే మూతి తిప్పుకున్నది. నాలుగు దినాలాయె, చాయ్ నీళ్ళ మీదనే ఉన్నది. డాక్టరు ఇంక ఆగొద్దన్నడు. దవాఖానల షరీక్ చెయ్యాలన్నడు."

"ఎరికే. బండి కానియ్యి."

పక్క సీట్లో యమున తమ్ముడు అంజి ఆవలించాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ డ్రైవరు.

"కార్బొరేటర్‌తోని మంచిగనే నడిచేది గద బావా. కంప్యూటర్ పెట్టుమని నిన్నెవలడిగిండ్రు?"

"పెట్రోల్ తాగుతున్నదని పెట్టిన."

"పాతదన్న దాసుకోకపోతివి."

"ఇనుప సామానాయనకు ఇచ్చిన. పోయి అడిగితే అప్పుడే కరగబెట్టిండ్రన్నడు."

జైపాల్ తండ్రి సదయ్య వేలంలో కొని, గని డ్యూటీకి వెళ్ళొచ్చిన పాత పెట్రోలు జీపు అది. మొన్న ఆదివారమే జైపాల్ దాని ఇంజనుకు హైదరాబాదు నుంచి తెచ్చిన కంప్యూటర్ బిగించాడు. ఎంత పెట్రోలు చిమ్మాలో దానికి చెప్పేది ఒక గళ్ళ పట్టిక. ఇంజను నిమిషానికి ఇన్ని చుట్లు తిరిగితే ఇంత అని, గడికో అంకె.

చిక్కంతా పదిహేను వందలకూ రెండు వేలకూ మధ్యన. అక్కడ గళ్ళు మరీ దూరం దూరం. ఒక అంకె కదిపితే దాని ఇరుగుపొరుగూ కదులుతోంది. పొద్దున అలాగే కదిపితే జీపు చౌరస్తా నడుమ ఆగిపోయింది. అంజి దిగి తోశాడు.

జైపాల్ ఆ వరుసను చీల్చాడు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది వందలకు వేరువేరు గళ్ళు చేశాడు. పదిహేడు వందల గడిలో అంకె మార్చాడు.

"పోదాం పా."

క్వార్టర్ల సందు మొదట్లో మలుపు. బ్రేకు, రెండో గేరు, మళ్ళీ యాక్సిలరేటర్. అంజి కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎట్లున్నది?"

"ఇంక కాలే. గీ మలుపు కాడనే తేడా."

మళ్ళీ అంకె. మళ్ళీ మలుపు.

"దగ్గరికొచ్చినవ్ బావా. ఇంకింత."

"ఇంకింతంటే ఎంత?"

"నాకేమెరుక? నా డంపర్ల గిసొంటి ముగ్గులుండయి."

జైపాల్‌కు నవ్వు రాలేదు.

గేటు దగ్గర నుంచి యమున కేకేసింది. "దవాఖానకు ఆటో పిలువాల్నా?"

"సైరన్ దాకా ఆగు."

అతని తల్లి లస్మవ్వకు చూపు తగ్గి మూడేళ్ళు. ఈమధ్య రోజులూ మనుషులూ కూడా కలగలిసిపోతున్నారు. ఒక్క అలవాటు మాత్రం పోలేదు. పెళ్ళయి ఈ కాలనీకి వచ్చిన నాటి నుంచీ ఆమె అన్నం షిఫ్టు దిగే సైరన్ తర్వాతే. జైపాల్ కూడా వైరింగు దుకాణం మూసి, ఆ వేళకే జీపులో ఇల్లు చేరుతాడు.

చివరిసారి అంకె మార్చి లాప్‌టాప్ మూసేశాడు. జీపును చౌరస్తా దాకా తీసుకెళ్ళి ఆపాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

సైరన్ మోగింది.

మలుపు. బ్రేకు. రెండో గేరు. పాదం మెల్లగా ఆన్చాడు.

ఇంజను మునుపటిలాగే రెండుసార్లు ఖంగుమని దగ్గి, ఆ తర్వాత సాగింది.

అంజి కళ్ళు తెరిచాడు. జైపాల్ ఇంటి ముందు జీపు ఆపి, తాళం కూడా తీయకుండా లోపలికి పరుగెత్తాడు.

నాలుగు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్న లస్మవ్వ లేచి కూచుని, దండ వేసిన సదయ్య ఫోటో కింద కొంగు సర్దుకుంటూ, "మలుపు కాడ జీపు దగ్గింది, మీ మామ డ్యూటీ దిగొచ్చిండు, ఇంక నాకింత అన్నం పెట్టు యమునా" అంటోంది.