గోరింక నోరు

చెరువు గట్టు మీది గోరింక రోజూ ముసలి అడవిదున్న నడకను వెక్కిరించేది. "పెద్దదానివి, దాని నోరు మూయించవేం?" అని జంతువులన్నీ పోరేవి. మనసు చివుక్కుమన్నా దున్న నవ్వి ఊరుకునేది.

ఒకనాడు కౌజుపిట్ట గుడ్లు ఏ పొదలో ఉన్నాయో గోరింక ముంగిసకు చెప్పేసింది. ఆ మాట చెవిన పడ్డ దున్న పరుగున వెళ్లి పొదకు అడ్డం నిలబడి ముంగిసను తరిమేసింది.

"నేను నిజమేగా చెప్పాను!" అంది గోరింక.

"నన్ను ఎన్నయినా అను తల్లీ, పడతాను. ఒకరి ప్రాణం మీదికి తెచ్చే మాట మాత్రం నిజమైనా అనకు," అంది దున్న.

వణుకుతున్న కౌజుపిట్టను చూసి గోరింక తల దించుకుంది.

ఆ రాత్రే కౌజుపిట్ట గుడ్లను వేరే పొదలోకి మార్చుకుంది. మర్నాడు ముంగిస మళ్లీ గోరింక దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు గుడ్లెక్కడున్నాయో తెలుసా?"

"తెలుసు. చెప్పను," అంది గోరింక.

అది విన్న దున్న నిశ్చింతగా చెరువులోకి దిగింది.