రాజు తప్పు

ఉపేందర్ అట్ట కిరీటం తీసి బల్ల మీద కొట్టాడు.

నాచారం కమ్యూనిటీ హాల్లో రిహార్సల్ ఆగిపోయింది. రేపే ఉప్పల్‌లో నాటకాల పోటీ. ఆఖరి సీను మాత్రం ఎన్నిసార్లు చేసినా తేలిపోతోంది.

రాజు వేషం అతనిదే, దర్శకత్వమూ అతనిదే. చెరువుకట్టకు బీట పడిందని కాపలావాడు చెప్పినా రాజు వెళ్లి చూడడు. కట్ట తెగి ఊరు మునుగుతుంది. అప్పుడు రాజు చేతులు పైకెత్తి "ఇది విధి ఆడిన ఆట!" అని రోదించాలి.

"విధి ఏం జేసింది సార్?"

వెనక కుర్చీలోంచి ఆ ముసలాయన. నాలుగు రోజులుగా ఇదే గోల. ఎవరో తెలియదు. జవహర్‌నగర్ నుంచి రోజూ బస్సెక్కి వస్తాడట.

"మళ్ల ఏంది పెద్దమనిషీ?"

"తప్పు రాజుదే గద. గా మాట ఆయన నోట్లకెల్లే రావాలె."

"గట్ల జెప్తే జనం ఏడుస్తరా? ఛీ అంటరు."

"అననియ్యిన్రి సార్. అన్నా జెప్పాలె. అరవొద్దు. 'సూడాల్సింది నేనే. సూడలే.' గంతే."

ఉపేందర్‌కు అసలే తల వేడెక్కి ఉంది.

"జిందగీల ఎన్నడన్న స్టేజీ ఎక్కినవా?"

"లేదు సార్."

"మరి మాకు నేర్పుడెందుకు? బాలరాజూ, ఈయన్ను బయటికి తోల్కపో. మళ్ల రానియ్యకు."

బాలరాజు లేచేలోపే ముసలాయన చేతిసంచీ తీసుకుని వెళ్లిపోయాడు. పీడ వదిలిందనుకున్నాడు ఉపేందర్.

సీను మళ్లీ మొదలైంది. చేతులు పైకెత్తాడు గానీ, విధి అన్న మాట అనబుద్ధి కాలేదు. విసుగ్గా చేతులు దించేసి మెల్లగా అన్నాడు.

"చూడవలసింది నేనే. చూడలేదు."

హార్మోనియం ఆగింది. మంత్రి వేషంలో ఉన్న బాలరాజు కళ్లు తుడుచుకున్నాడు.

నాలుగు రోజులు చెప్తుంటే విననందుకు ఉపేందర్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. బయటికి పరుగెత్తాడు. గేటు దగ్గర టిఫిన్ డబ్బాతో తల్లి లక్ష్మీనర్సమ్మ ఎదురైంది.

"అమ్మా, గిటు ఓ ముసలాయన పోయిండా?"

"కొమురెల్లా? పిలిస్తే ఆగలే. తల దించుకొని బస్సెక్కిండు."

"నీకు ఎరుకనా?"

ఆమె డబ్బా గోడ మీద పెట్టింది.

"కంపెనీల బాయిలర్ పేలి మీ నాయిన పోయినప్పుడు, తప్పంత మీ నాయినదేనని కంపెనోళ్లు రాసిన్రు గద బిడ్డా. ఎవ్వలు అడగకున్నా కోర్టుల లేసి, సచ్చిపోయినాయనది తప్పు లేదు, నాదేనని జెప్పి, రెండేండ్లు జైల్ల ఉన్నది, ఆ బాయిలర్ కాడ్నే పనిజేసిన గీ కొమురెల్లే."