మొగిలయ్య జాగ

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ధర్మసాగర్ అవతల ఒక ఊళ్లో, దవాఖాన ముంగిట జరిగిన ముచ్చట ఇది.

"ఏయ్ పిల్లా! ఆ చెప్పులు ముట్టకు!"

ఆ కేకకు సుగుణ చెయ్యి ఆగిపోయింది. చంకలో ఏడాది నిండని ఆడబిడ్డ. ఒకటే ఎగపోత. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి.

దవాఖాన తలుపు నుంచి గేటు దాకా చెప్పులు బారులు తీరి ఉన్నాయి. మనుషులేమో గోడ నీడన కూర్చున్నారు. ఆ ఊరి పద్ధతి అంతే. పొద్దున్నే వచ్చి చెప్పులు విడిచి నీడకు పోతారు. ఇక చెప్పులే మనిషి. డాక్టరమ్మ వారానికి ఒక్క పూట వస్తుంది, మధ్యాహ్నం బండెక్కి ఇంకో ఊరికి పోతుంది. అప్పటిదాకా ఎవరి జోడు లోపలికి జరిగితే వాళ్లకే మందు. మిగిలినవాళ్ల రోగం మళ్లీ వారం దాకా ఆగాలి.

సుగుణది ఏటూరునాగారం వైపు. పత్తి ఏరడానికి మొగుడితో మొన్ననే వచ్చింది. ఊళ్లో ఎవరూ తెలియదు. తన చెప్పులు అందరికన్నా వెనక, గేటు దగ్గర. మొట్టమొదట మాత్రం ఒక పాత తోలు చెప్పుల జోడు, మగమనిషివి. వాటిని పక్కకు జరిపి తనవి పెట్టుకోబోయింది పాపం.

"ఇక్కడ మనిషి లేడు గదమ్మా," అంది ఏడుపు గొంతుతో.

"లేకుంటే? మొగిలన్న జాగ అది," అంది కేక వేసిన లక్ష్మీనర్సమ్మ. "ఆయన పెండ్లాం కట్టమ్మ అగో, ఆడ కూసున్నది. ఆమెననడుగు."

ఇంతలో సిస్టర్ వినోద గడప మీదికొచ్చి ఎప్పటిలాగే మొదటి పేరు పిలిచింది. "మొగిలయ్యా!"

ఎవరూ పలకలేదు. రెండో జోడు రాజేశ్వర్ రావుది. ఆయన కర్ర ఆనుకుని లేచాడు.

"కట్టమ్మా, ఇయ్యాల మొగిలయ్య జాగ నాకియ్యి. మోకాలు పాణం తీస్తాంది."

"నిన్న చెరువుల చేపలు పడ్తాన్లంటే అందరికన్న ముంగట ఉరికినవ్ గద పటేలా! అప్పుడేడ వోయింది ఆ మోకాలు?" అంది కట్టమ్మ.

నీడలో నవ్వులు లేచాయి. "దీని నోరు పాడుగాను," అంటూ రాజేశ్వర్ రావు కూడా నవ్వి కూలబడ్డాడు.

"నా దగ్గు చూడరాదు అత్తా, రాత్రంతా నిద్ర లేదు," అన్నారెవరో. "నాకు షుగరు గోలీలు అయిపోయినయ్," అన్నారింకొకరు. "గా పిల్ల మనూరిది గూడ గాదు. మేం పొద్దుగాల్నించి కూసున్నం," అని మూడో గొంతు.

కట్టమ్మ నిట్టూర్చింది. "ఏందోనే నర్సమ్మా, మన చిన్నతనంల ఈ లైన్లెక్కడియి? సైకిల్ డాక్టరు వచ్చేటోడు, యాదున్నదా?"

"లేకేంది! హ్యాండిలుకు తోలు సంచి, సంచిల ఎర్రమందు సీస. పిల్లల ఏడుపు ఏ ఇంట్ల గట్టిగుంటె ఆ ఇంటి ముంగట్నే సైకిలాగేది."

"మా ఆయన ఆ సైకిలెంబడి ఉరికి ఇండ్లు చూపెట్టేటోడు. గీ కిర్రు చెప్పులు కేసముద్రం అంగట్ల కొన్నడు. నూనె వెట్టి తుడ్సుడేంది, మంచం కింద దాసుకునుడేంది! పెండ్లాన్ని గూడ అంత మంచిగ చూసుకోలే."

ఈసారి అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులు సద్దుమణిగేసరికి బిడ్డ ఊపిరి ఒక్కటే వినిపించింది, పొయ్యి ఊదే గొట్టంలా.

కట్టమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. సుగుణ దగ్గరికొచ్చి, బిడ్డ మీద కప్పిన కొంగు తొలగించి డొక్కలు చూసింది. "పో లోపటికి. మొగిలయ్య జాగల పో."

"తాత వస్తే ఏమంటడో అవ్వా?"

"ఆయనకు నేను జెప్పుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఒక్కరూ కాదనలేదు. దగ్గు మనిషి కూడా కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాడు.

లోపల డాక్టరమ్మ దీప్తి బిడ్డ ముక్కుకు మూతలాంటిది పెట్టింది. అందులోంచి పొగలాంటి మందు వస్తోంది. "ఇంత ఎగపోతతో బయట ఎందుకు కూర్చున్నవమ్మా?" అని కోప్పడింది. సుగుణకు ఆ మాట చెవికెక్కలేదు. చెవులు రెండూ తలుపు దగ్గరే ఉన్నాయి. బయట ఏ అడుగు చప్పుడైనా, ముసలాయన వచ్చి తన జాగ తనకిమ్మంటాడేమోనని గడప వైపు తిరిగి చూస్తోంది. ఎవరూ రాలేదు. మెల్లమెల్లగా బిడ్డ డొక్కలు కుదుటపడ్డాయి. గుప్పిట విప్పి, తల్లి కొంగు పట్టుకుని నిద్రపోయింది.

సుగుణ బయటికొచ్చింది. తోలు చెప్పులు అలాగే ఉన్నాయి.

"తాత ఇంక రాలేదా అవ్వా? ఆయన కాళ్లు మొక్కి పోత. రేపు గూడ పత్తి కాడికి పోకుండ వచ్చి మొక్కుత."

రాజేశ్వర్ రావు కర్రతో నేల గీస్తూ కూర్చున్నాడు. కట్టమ్మ వంగి ఆ జోడు చేతిలోకి తీసుకుంది. కొంగుతో దుమ్ము తుడిచింది.

"మొక్కులొద్దు గని, ఒక్క ముచ్చట యాదికుంచుకో బిడ్డా. ఇది పెద్దగైనంక దీనికి చెప్పు. ఏ దవాఖానకు పోయినా, ఎవలు కనవడ్డా చెప్పు."

"ఏమని చెప్పాలె అవ్వా?"

"మొగిలయ్య పాణం గిదే గోడ నీడల పోయింది, ఆ దినం గీ చెప్పులు గేటు కాడ అందరికన్న ఎనక ఉండెనని."