గొంగడి కప్పిన నల్లా

గొర్రెల మందను అమ్మేసి రైల్వేలో గ్యాంగుమన్‌గా చేరాక ఆలేరు క్వార్టర్లో ఐలేశానికి అది మొదటి చలికాలం. ఆ ఊళ్లో ఎవరూ ఎరగనంత చలి పడిన ఆ రాత్రి, పెరట్లో నల్లా తిప్పితే చుక్క రాలలేదు. గోడ వెంబడి పోయే ఇనుప పైపును పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయాయి.

"పిలగాని ఒళ్లు కాలిపోతాంది. నీళ్లు నీళ్లని కలవరిస్తాండు. కడవ ఎండింది," అంది లోపలి నుంచి భార్య సత్తమ్మ.

"ఫికర్ జెయ్యకు. చలికి పైపు బిగుసుకున్నది. జర ఎచ్చగ జేస్త."

చలికి కొయ్యబారిన గొర్రెపిల్లను ఎలా బతికించాలో ఐలేశానికి తెలుసు. భుజం మీది గొంగడిని పైపుకు చుట్టి, అరచేతులతో గట్టిగా రుద్దాడు. రుద్దుతూ రుద్దుతూ, మందలో చేసినట్టే, తల్లిగొర్రె గొంతుతో పిలిచాడు.

గొంగడి కింద ఏదో కదిలింది. నల్లాలోంచి నీళ్లు వచ్చాయి.

సత్తమ్మ బయటికొచ్చి చెంబు పట్టి ఉలిక్కిపడింది. "గిట్ల ఎచ్చగున్నయేంది? ఇప్పుడే పిండిన పాల లెక్క?"

ఆమె లోపలికి పోయి, పిల్లవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని తాగించింది. కలవరింత ఆగింది. ఇల్లంతా సద్దుమణిగింది.

అప్పుడు దూరంగా, బొగ్గు ఇంజన్లకూ ఈ నల్లాకూ నీళ్లిచ్చే ట్యాంకు వైపు నుంచి తల్లిగొర్రె అరుపు వినిపించింది. ఆ చుట్టుపక్కల ఎవరికీ గొర్రెల్లేవు. అరుపు పట్టాలు దాటి, పైపు వెంటే దగ్గరికొస్తోంది.

లోపల, సత్తమ్మ ఒడిలోంచి, పిల్లవాడు సన్నగా "మే" అని బదులు పలికాడు.