వేడి టవలు

"ఇంకోసారి షాపులో ఇంగ్లీషు వినపడితే ఊరుకోను," అన్నాడు నాన్న, నురగ బ్రష్షు కూతురి వైపు చూపిస్తూ. "పొద్దున ఆ పెద్దాయన సగం గడ్డంతో లేచి పోబోయాడు. గడ్డానికొస్తే పరీక్ష పెడతారేంటయ్యా అన్నాడు."

"నేను పెట్టలేదు నాన్నా. ఆయన్నే నాకు పెట్టమన్నాను."

నాన్నకి నవ్వొచ్చింది కానీ మీసాల వెనక దాచుకున్నాడు.

ఆ పిల్లని ఇంట్లో అందరూ రేడియో అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. అయితే ఆ వాగ్ధాటి అంతా తెలుగులోనే. పెద్ద హైస్కూలు ప్రవేశపరీక్షలో రాతభాగం గట్టెక్కింది. రేపు ఇంటర్వ్యూ, అదంతా ఇంగ్లీషులో. ఒంటరిగా ఉంటే ఆ భాష కూడా గలగలా వస్తుంది, స్నానాలగది గోడలే సాక్ష్యం. ఎదుటి మనిషి ఒక్కసారి మొహంలోకి చూశాడా, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టే. రేపటిలోగా అది దిగకపోతే సీటు మీద ఆశ వదులుకోవలసిందే. అందుకే కుర్చీలో కూర్చున్న వాళ్ళ వెంట పడింది. మెడకు గుడ్డ కట్టి ఉంటుంది కదా, ఎక్కడికీ పోలేరు.

"పోనీ నాతో మాట్లాడమ్మా," అన్నాడు నాన్న కొంచెం మెత్తబడి.

"నువ్వు నా మొహంలోకి చూస్తావు. చూస్తే రాదు."

"బాగుంది. రేపు వాళ్ళు మాత్రం కళ్ళకి గంతలు కట్టుకుని కూర్చుంటారా?"

"ఆ పిల్లని కాసేపు ఊరుకోమను బాబూ," అంది ఒక గొంతు.

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న మనిషిది ఆ గొంతు. నుదుటి నుంచి గడ్డం దాకా వేడి టవలు కప్పి ఉంది. ముక్కు కొన తప్ప మనిషి ఆనవాలు లేదు. "కాస్త కునుకు తీద్దామని వచ్చాను. ఇంట్లో అదీ లేదు, ఇక్కడా లేదు."

నాన్న నాలుక కరుచుకున్నాడు. బ్లేళ్ళు అయిపోయాయి, వీధి చివర కొట్టుకి వెళ్ళి రావాలి. గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించి చెప్పాడు. "కుక్కిన పేనులా కూర్చో. ఈ షాపులో పేనుకైనా అంతకంటే వేరే గతి లేదు."

కూర్చుంది పాపం. ఈలోగా టవలు కింద గురక మొదలైంది. మూడు చిన్న లాగుళ్ళు, ఆపైన ఒక ఈల. మళ్ళీ మూడు లాగుళ్ళు, ఒక ఈల.

రేడియో తల ఎత్తింది. ఈయనకి కళ్ళున్నాయి, కప్పేసి ఉన్నాయి. చెవులున్నాయి, నిద్రలో ఉన్నాయి. ఇంతకంటే మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు? స్టూలు దగ్గరికి జరుపుకుని ఇంగ్లీషులో గుసగుసగా నమస్కారం పెట్టింది. గురక చెదరలేదు. ఈ స్కూల్లోనే ఎందుకు చేరాలనుకుంటున్నావు అని తనే అడిగేసుకుని, గైడులో ఉన్న జవాబు ఎత్తుకుంది. ఉన్నత విలువలు, ఉజ్వల భవిష్యత్తు. రెండు ముక్కలయ్యేసరికి తనకే విసుగొచ్చింది. నిద్రపోయే మనిషికి కూడా అబద్ధాలెందుకు అనిపించింది.

అప్పుడు తన మాటల్లో చెప్పింది, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో. మా షాపుకి వచ్చిన వాళ్ళందరూ కూర్చుంటారు. మా నాన్న ఒక్కడే నిలబడతాడు. అన్నం కూడా గుమ్మం వైపు చూస్తూ నిలబడే తింటాడు. ఆయన కాళ్ళ మీద నరాలు తాళ్ళలా ఉబ్బిపోయాయి.

నరాలన్న చోట మాట తట్టక ఆగిపోయింది. అదేం చిత్రమో, గురక కూడా ఆగింది. లేచాడేమోనని టవలు వైపు చూసింది. గబగబా ఇంకో మాటతో సర్దుకుంది. గురక మళ్ళీ అందుకుంది. అమ్మయ్య అనుకుని మిగతాది కూడా చెప్పేసింది. నేను డాక్టర్నవుతాను. ఆయన్ని ఇదే కుర్చీలో కూర్చోబెట్టి, నేను చెప్పేదాకా లేవొద్దంటాను.

నాన్న చెప్పుల చప్పుడు వినగానే లోపలి గదిలోకి తుర్రుమంది.

"ఆలస్యమైంది సార్. మా రేడియో మిమ్మల్ని ఏమన్నా..."

"ఏమో బాబూ, నాకేం తెలీదు. ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది."

రేడియో తెర తీసి బయటికొచ్చేసరికి ఖాళీ కుర్చీ, దాని చేతి మీద తడి టవలు మిగిలాయి.

మర్నాడు పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న కళ్ళద్దాల మేడమ్ ఇంగ్లీషులో అడిగింది, ఈ స్కూల్లోనే ఎందుకు చేరాలనుకుంటున్నావని. ముగ్గురూ ఆ పిల్ల మొహంలోకే చూశారు. అంతే, వెలక్కాయ వచ్చి కూర్చుంది.

"చెప్పమ్మా, భయం లేదు," అని మేడమ్ ఈసారి తెలుగులోనే అంది. నిజానికి మంచావిడే. ఎంత మంచిదైతే ఏం, కళ్ళు ఉన్నాయి కదా. రేడియో తల దించుకుని కింద బండల గీతలు చూసింది. నాన్న కాళ్ళు గుర్తొచ్చాయి, ఏడుపొచ్చింది, మాట మాత్రం రాలేదు. పక్కన ఉన్నాయన నిట్టూర్చి తర్వాతి పేరు పిలవమని సైగ చేశాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు చివర కుర్చీలో ఉన్నాయన. అంతసేపటికి ఆయన నోరు విప్పడం అదే మొదలు.

జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. మడతలు విప్పి, కుర్చీలో వెనక్కి వాలి, నుదుటి నుంచి గడ్డం దాకా కప్పుకున్నాడు. మిగతా ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఈయనకి ఏమైందోనని రేడియో కూడా తల ఎత్తింది.

రుమాలు కింద నుంచి మూడు చిన్న లాగుళ్ళు, ఆపైన ఒక ఈల వినిపించాయి.